చినుకు పొలం దాటకుండా

రాయపూర్ నుంచి విశాఖపట్నం వైపు ఆరు వరుసల్లో వేస్తున్న 464 కిలోమీటర్ల కొత్త రహదారి వచ్చి ఆగేది సబ్బవరం దగ్గర. అనకాపల్లి నుంచి ఆనందపురం వెళ్ళే ఆరు వరుసల రోడ్డూ ఈ ఊరి పక్క నుంచే పోతుంది. దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. పెట్రోలియం, ఇంధన విద్యాసంస్థకు స్థలమిచ్చింది ఈ మండలంలోని వంగలి గ్రామంలోనే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టినప్పుడు సబ్బవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ, సంతబేరం దగ్గర నుంచి సెంటు భూమి ధర దాకా ఇక్కడ అన్నీ విశాఖను చూసే నడుస్తాయి. ఈ హడావిడి నడుమనే వరి మళ్ళున్నాయి, చెరకు తోటలున్నాయి, కూరగాయల పాదులున్నాయి. గరువుల మీద జీడిమామిడి, సరుగుడు ఉన్నాయి.

ఇక్కడి నీళ్ళ లెక్క విచిత్రంగా ఉంటుంది. శారదా నది మీద కట్టిన రైవాడ జలాశయం నుంచి నగరానికి తాగునీరు తీసుకుపోయే కాలువ ఈ ప్రాంతం మీదుగానే సాగుతుంది. ఏలేరు నీళ్ళు నూటయాభై కిలోమీటర్లకు పైగా కాలువలో ప్రయాణించి, అనకాపల్లి పొలాల్ని దాటుకుంటూ ఉక్కు కర్మాగారానికి చేరతాయి. పొరుగునే ఉన్న మేఘాద్రి గెడ్డ జలాశయమూ నగరం దాహం తీర్చేదే. ఇన్ని నీళ్ళు చుట్టూ కదులుతున్నా, సబ్బవరం పొలాల్లో చాలావాటికి దిక్కు వాన, ఊరి చెరువు, బోరు. రైవాడ నీళ్ళు సాగుకే వదలాలని ఆ ఆయకట్టు రైతులు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. పెరిగే నగరం నీటి వాటాను తగ్గించుకోదు. కాబట్టి ఈ మండలంలో సాగు నిలవాలంటే కొత్త నీటి కోసం ఎదురుచూడటం కన్నా, పొలంలో పడిన చినుకునూ, పొలంలో పండిన ఆకునూ పొలంలోనే ఆపుకోవడం ఎలాగన్నదే అసలు ప్రశ్న.

కార్తె తప్పిన వాన

ఉత్తరాంధ్రలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. అనంతపురం రైతు ఈ అంకె వింటే అదృష్టవంతులని అనుకుంటాడు. చిక్కు మొత్తంలో కాదు, పంపకంలో ఉంది. మృగశిరలో దుక్కి తడిసి, ఆరుద్రలో నారు పోసి, పునర్వసు, పుష్యమి దాటకుండా ఉభాలు పూర్తి చేసుకోవడం పాత లెక్క. ఇప్పుడు జూన్‌లో ఒక మంచి వాన పడి నారుమడి పచ్చబడ్డాక, మూడు నాలుగు వారాలు ఆకాశం మొహం చాటేస్తోంది. నారు మడిలోనే ముదిరిపోతోంది. ముదిరిన నారు నాటితే పిలకలు తక్కువ, దిగుబడీ తక్కువ. తీరా ఆగస్టు, సెప్టెంబరుల్లో వాన వచ్చిందంటే గెడ్డలు పొంగి గట్లు తెగేలా వస్తోంది.

దీని వెనక సాదా భౌతికశాస్త్రం ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అంటే వాన కురవడానికి ముందు ఎక్కువసేపు ఊరిస్తుంది, కురిసినప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. బంగాళాఖాతం వేడెక్కిన కొద్దీ తుపాన్లకు బలం చేరుతుంది. 2014 అక్టోబరు 12న గంటకు 180 కిలోమీటర్లు మించిన గాలులతో హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు, కొబ్బరి, జీడి, సరుగుడు, అరటి తోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. చెరకు నేలకు ఒరిగింది. నాలుగేళ్ళకు, 2018 అక్టోబరులో, తిత్లీ శ్రీకాకుళం తోటల్ని తుడిచిపెట్టింది. 2021 సెప్టెంబరు చివర వచ్చిన గులాబ్ గాలి కన్నా వానతోనే విశాఖ పరిసరాలను ముంచింది. మూడూ కంకి బయటికొచ్చే రోజుల్లోనో, గింజ పాలుపోసుకునే రోజుల్లోనో వచ్చినవే.

ఒకే ఖరీఫ్‌లో ముందు కరువు, తరవాత వరద. కాబట్టి ఒక్క ప్రమాదానికి సిద్ధపడితే చాలదు. ఎండను ఓర్చుకునే నేలా, నీటిని దించుకునే నేలా ఒకటే కావాలి.

ఎకరం మీద రెండు లక్షల లీటర్లు

ఎకరం పొలం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4,000 లీటర్లు. ఒక రాత్రి 50 మిల్లీమీటర్ల వాన పడిందంటే ఆ ఎకరం మీద 2 లక్షల లీటర్లు దిగినట్టు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లతో తోలితే నలభై ట్యాంకర్లు. ఇందులో ఎంత నేలలోకి ఇంకిందీ, ఎంత ఎర్రమట్టిని మోసుకుంటూ గెడ్డలోకి జారిపోయిందీ అన్న దాని మీదే తరవాతి మూడు వారాల పైరు ప్రాణం ఆధారపడుతుంది.

ఇక్కడి రాతి స్వభావం కూడా తెలుసుకోవాలి. తూర్పు కనుమల పొడవునా ఉన్నది ఖొండలైట్ రాయి. కొండల్లోని ఖోండుల పేరే ఆ రాతికి పెట్టారు. అది పైన శిథిలమై ఎర్రనేలగా మారుతుంది, కింద గట్టిగా ఉంటుంది. భూగర్భ జలం ఆ మెత్తబడిన పొరలోనూ, రాతి పగుళ్ళలోనూ మాత్రమే నిలుస్తుంది. డెల్టాలో మాదిరిగా లోతుకు పోయిన కొద్దీ నీరు దొరుకుతుందన్న హామీ లేదు. 2004 నుంచి సాగుకు కరెంటు ఉచితం కావడంతో మోటారు నడపడానికి ఖర్చు లేదు, ఆపడానికి కారణమూ లేదు. పక్కవాడి బోరు లాగేసేలోపు మనం లాగేద్దామన్న పోటీలో అందరి బోర్లూ కలిసి ఎండుతాయి.

ఈ పోటీకి తెలుగు నేల మీదే ఒక మందు కనిపెట్టారు. 2000ల దశకంలో అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్ వంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాన్ని కొలిచి చూసుకునే పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి అండగా నిలిచింది. ఊళ్ళో వర్షమాపకం పెట్టారు. ఎంచుకున్న బావుల్లో, బోర్లలో నీటిమట్టాన్ని తాడు దించి క్రమం తప్పకుండా కొలిచారు. రబీ మొదలయ్యే ముందు అందరూ కూర్చుని, కింద ఎంత నీరుందీ, ఏ పంట ఎన్ని ఎకరాలు వేస్తే ఎంత ఖర్చవుతుందీ గోడ మీద లెక్క రాశారు. ఎవరూ ఎవరినీ వరి వెయ్యొద్దని శాసించలేదు. లెక్క కళ్ళెదుట ఉండేసరికి చాలా ఊళ్ళలో రైతులే వరి తగ్గించి వేరుశనగకో, పప్పులకో మళ్ళారు. ఒక వర్షమాపకం, ఒక కొలతాడు, ఒక ఖాళీ గోడ. సబ్బవరం మండలంలో ఏ పంచాయతీకైనా ఇది అందుబాటులో ఉన్న పనే.

రెండోది చెరువు. ఉత్తరాంధ్రలో వాన నీటిని పట్టే పాత ఏర్పాటు గొలుసు చెరువులది. పైచెరువు నిండి పొర్లితే కింది చెరువుకు, అది నిండితే గెడ్డకు. ఈ గొలుసులో ఒక్క వాగు పూడ్చి ప్లాట్లు వేసినా కింది చెరువు ఆయకట్టు మొత్తం ఎండుతుంది. పైన ఉన్న ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి. 1997లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టంతో నీటి సంఘాలు ఏర్పడ్డాయి. మదుము బాగుచేసుకోవడం, కాలువ పూడిక తీసుకోవడం, నీటి వంతులు వేసుకోవడం ఆ సంఘాల పని. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీయాలని లక్ష్యం పెట్టుకుంది. తీసిన ఒండ్రును రైతులు ట్రాక్టర్ల మీద తోలుకుని చేలకు వేసుకున్నారు. చెరువుకు లోతు పెరిగింది, చేనుకు బలం పెరిగింది. ఎర్రనేలకు చెరువు మట్టి తోలడం ఉత్తరాంధ్ర రైతుకు కొత్త విషయమేమీ కాదు. మానేసిన పనిని మళ్ళీ మొదలుపెట్టడమే.

మూడోది సొంత గుంట. పది మీటర్ల పొడవు, అంతే వెడల్పు, రెండు మీటర్ల లోతు తవ్వితే 2 లక్షల లీటర్ల దాకా పడుతుంది. గట్లు ఏటవాలుగా తీస్తారు కనుక నిజానికి ఇంకాస్త తక్కువ. పంట సంజీవని పేరుతో ఉపాధి హామీ కూలీలతో రాష్ట్రమంతటా ఇలాంటివి తవ్వించారు. గుంట నిండినంత మాత్రాన వరి పండదు. కానీ పూత దశలో వాన మొహం చాటేస్తే ఎకరానికి ఒక్క తడి ఇవ్వొచ్చు. మెట్ట పంటకు ఆ ఒక్క తడే పండటానికీ ఎండటానికీ మధ్య తేడా.

వరికి నిలువ నీరు అవసరమా

వరి నీటిలో బతకగలదు. నీరు నిలిస్తేనే బతుకుతుందన్నది మాత్రం అపోహ. మడిలో నీరు పెట్టేది చాలావరకు కలుపును అణచడానికి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన తడి-పొడి పద్ధతికి కావలసిన పరికరం చిల్లులు పెట్టిన ఒక గొట్టం ముక్క. 30 సెంటీమీటర్ల పొడవు గొట్టాన్ని మడిలో సగానికి పైగా పాతి లోపలి మట్టి తీసేస్తే, నేల కింద నీరెక్కడుందో కనిపిస్తుంది. నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా మళ్ళీ పెట్టనక్కరలేదు. పూత సమయంలో మాత్రం మడి ఆరనివ్వకూడదు. ఇలా చేస్తే నీటిలో 30 శాతం దాకా ఆదా అవుతుంది. నిలవనీటి అడుగున గాలి ఆడక పుట్టే మీథేన్ వాయువూ బాగా తగ్గుతుంది. భూమిని వేడెక్కించే వాయువుల్లో అది ముఖ్యమైనది. అంటే నీళ్ళు పొదుపు చేసుకున్న రైతు తెలియకుండానే వాతావరణానికీ మేలు చేసినవాడవుతాడు.

శ్రీ వరి కథ మనకు ఇంకా దగ్గరిది. 1980ల్లో మడగాస్కర్‌లో ఒక ఫ్రెంచి పాద్రీ రూపొందించిన ఆ పద్ధతిని 2003 ఖరీఫ్‌లో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉమ్మడి రాష్ట్రంలోని జిల్లాల్లో రైతుల పొలాల్లోనే పరీక్షకు పెట్టింది. డాక్టర్ ఆలపాటి సత్యనారాయణ దానికి ముందు నడిచారు. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల లేత నారు, ఎకరానికి రెండు కిలోల విత్తనం, మొక్కకూ మొక్కకూ పాతిక సెంటీమీటర్ల ఎడం. ఎందరో రైతులు మంచి దిగుబడి చూశారు. అయినా అది అందరి పద్ధతి కాలేదు. లేత నారును ఒక్కొక్కటిగా నాటే ఓపిక కూలీలకు లేదు, కలుపు తీసే వీడర్ తోసే మనుషులు దొరకలేదు. నగరం పక్కనున్న సబ్బవరం వంటి చోట కూలీ ఉదయాన్నే ఆటో ఎక్కి కట్టడం పనికి పోతాడు. నీటిని పొదుపు చేసే పద్ధతి మనుషుల్ని ఎక్కువ అడిగితే నిలవదన్న పాఠం అక్కడ దొరికింది. అందుకే ఇప్పుడు డ్రమ్ సీడర్‌తోనో, చేత్తోనో నేరుగా విత్తుకునే ఎద పద్ధతి వైపు మొగ్గు పెరుగుతోంది. నారుమడి ఉండదు, నారు ముదిరే బెంగ ఉండదు. కలుపును మాత్రం మొదటి నెలలోనే పట్టుకోవాలి.

విత్తనం ఎంపికా ఒక వనరే. మార్టేరు పరిశోధన స్థానం ఇచ్చిన స్వర్ణను దేశమంతా దశాబ్దాలుగా పండిస్తోంది. దానికే ముంపును తట్టుకునే జన్యువు చేర్చి 2009లో స్వర్ణ సబ్-1 విడుదల చేశారు. రెండు వారాలు నీళ్ళలో మునిగినా తిరిగి చిగురించే శక్తి దానికుంది. శ్రీకాకుళం పక్కన రాగోలు స్థానం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు ఉత్తరాంధ్రకు అలవాటైన రకం. గరువు భూములకు వరిని బలవంతంగా ఎక్కించే బదులు చోళ్ళు మేలు. విజయనగరం పరిశోధన స్థానం ఆ పంట మీదే ఏళ్ళుగా పనిచేసి వేగవతి వంటి రకాలు ఇచ్చింది. ఒకప్పుడు అంబలి గిన్నెలో ఉండి ఇప్పుడు నగరం మాల్‌లో ప్యాకెట్టుగా అమ్ముడవుతున్న ఈ గింజకు గిరాకీ గురించి దిగులు లేదు.

నేల ఆకలి

ఎర్రనేలలో సేంద్రియ పదార్థం సహజంగానే తక్కువ. ఎండకు త్వరగా కరిగిపోతుంది. అది లేని నేల వానకు గట్టిపడుతుంది, పైన పొర కట్టి నీటిని జార్చేస్తుంది. యూరియా గుప్పిస్తే పైరు పచ్చబడుతుంది కానీ వరికి వేసిన నత్రజనిలో పైరు తీసుకునేది మూడోవంతుకు అటూ ఇటూ. మిగతాది నీటితో కిందికో, గాలిలోకో పోతుంది.

అనకాపల్లి ఈ విషయంలో పాత బడి. అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం 1913లో చెరకు కోసమే మొదలైంది. చెరకు కొట్టాక మిగిలే ఆకుకు నిప్పు పెట్టకుండా వరసల మధ్య పరిస్తే తేమ నిలుస్తుంది, పీకపురుగు తగ్గుతుంది, కలుపు అణుగుతుందని ఆ స్థానం శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. బెల్లం వండే చోట రసం తీసిన పిప్పే పొయ్యిలో కట్టె అవుతుంది. ఏదీ బయటి నుంచి కొననక్కర్లేని ఈ ఏర్పాటు చెరకుతో పాటే కుంచించుకుపోతోంది. తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక, గిట్టుబాటు లేక, ఎందరో రైతులు చెరకు మానేసి సరుగుడు వేసుకున్నారు. కూలీలు తక్కువ, చూసుకోనక్కర్లేదు. కానీ ఊళ్ళో పశువుకు మేతా లేదు, చేనుకు గత్తమూ లేదు.

ఈ ఖాళీని పూరించడానికి వచ్చిందే రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయం. ఈ సాగు ప్రచారకుడు సుభాష్ పాలేకర్ ప్రేరణతో 2016 ప్రాంతంలో రాష్ట్రంలో ఊపందుకుంది. విశ్రాంత ఐఏఎస్ అధికారి టి. విజయ్ కుమార్ దాని సారథి. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, 200 లీటర్ల నీరు. రెండు రోజులు పులిస్తే ఎకరానికి జీవామృతం. మహిళా సంఘాల చేతుల్లో ఈ విద్య ఊరూరా పాకింది. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారాన్ని మరో ఇద్దరితో కలిసి ఈ కార్యక్రమం అందుకుంది. అదే ఏడాది నవంబరులో కేంద్రం 2,481 కోట్ల రూపాయలతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది.

ఇందులో సబ్బవరానికి అన్నిటికన్నా పనికొచ్చేది వానకు ముందు పొడి విత్తు. రోహిణి ఎండలు ముదరకముందే, పప్పులూ చిరుధాన్యాలూ నూనెగింజలూ ఆకుకూరలూ కలిపి పదిహేను, ఇరవై రకాల విత్తనాలకు మట్టి, బూడిద, ఘనజీవామృతం పట్టించి పొడి నేలలో చల్లి పైన గడ్డి కప్పుతారు. తొలి జల్లులకే మొలకెత్తి, మంచు తేమతోనూ నెట్టుకొస్తాయి. ఖరీఫ్ దమ్ము నాటికి పశువుకు మేత, ఇంటికి కూర, నేలకు పచ్చిరొట్ట. ఎండాకాలం నేలను బోసిగా వదలకపోవడమే ఇందులోని కిటుకు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందే మడిలో మినుము, పెసర చల్లి, మిగిలిన పదునుతో రెండో పంట తీసుకునే పాత అలవాటు దీనికి మరో కొస. రెంటినీ కలిపితే నేల మీద ఆకు లేని నెలలు బాగా తగ్గుతాయి.

దీని మీద వాదాలూ గట్టిగానే ఉన్నాయి. ఒక్క ఆవుతో 30 ఎకరాలు పండుతాయన్న పాలేకర్ మాటను చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకోరు. 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ ఈ పద్ధతికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని, ప్రభుత్వం దీన్ని నెత్తికెత్తుకోవద్దని చెప్పింది. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ పొలాల్లో మూడు సీజన్లు పోల్చి చూసి, దిగుబడి పడిపోలేదని 2023లో ప్రచురించారు. శ్రీలంక అనుభవమూ ఎదురుగా ఉంది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధించి, దిగుబడులు కూలడంతో నెలల్లోనే వెనక్కి తగ్గింది. అక్కడ దెబ్బతీసింది తొందర. నేలను సిద్ధం చేసే రెండు మూడేళ్ళ గడువు రైతుకు దొరకలేదు. ఇక్కడ ఒక మూల అరెకరంతో మొదలుపెట్టి, పక్క మడితో పోల్చుకుని విస్తరించుకునే వీలుంది.

పదకొండు నెలల కాగితం

ఇంత దాకా చెప్పిన ప్రతి పనికీ కాలం కావాలి. చెరువు మట్టి బలం నాలుగేళ్ళు కనిపిస్తుంది. నేలలో సేంద్రియ పదార్థం పెరగడం ఏళ్ళ మీద తేలే లెక్క. గట్టు మీద నాటిన చెట్టు నీడనివ్వడానికి అయిదేళ్ళు. పొలం దున్నేవాడికి అంత కాలం ఆ పొలం మీద భరోసా ఉందా?

సబ్బవరం చుట్టుపక్కల చాలా పొలాల్లో సొంతదారు ఒకరు, సాగుదారు మరొకరు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు ఇచ్చే పత్రం గడువు పదకొండు నెలలు. వచ్చే ఏడు ఈ మడి తనకు దక్కుతుందో లేదో తెలియనివాడు ఈ ఏడు పొలంలో గుంట తవ్వడు. ఎరువు బస్తా కొంటాడు, ఎందుకంటే దాని ఫలం ఈ పంటలోనే చేతికొస్తుంది. కౌలుదారు అజ్ఞానం వల్ల రసాయనాలు వాడుతున్నాడనే మాటలో న్యాయం లేదు. అతని కాగితం మీద ఉన్న గడువే అతనితో అలా చేయిస్తోంది.

సొంతదారు పరిస్థితీ నిలకడగా లేదు. 2020 జనవరిలో విశాఖ చుట్టూ పది మండలాల్లో ఇళ్ళ స్థలాల కోసం 6,116 ఎకరాలు సమీకరించాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. వాటిలో సబ్బవరం ఒకటి. 2022 ఏప్రిల్‌లో విశాఖ పేదలకు లక్షకు పైగా ఇళ్ళ పట్టాల పంపిణీ మొదలైంది ఈ మండలంలోని పైడివాడ అగ్రహారంలోనే. ఇల్లు లేనివారికి ఇల్లు అవసరమే. కానీ ప్రైవేటు లేఅవుట్లూ, రహదారులూ కలిసినప్పుడు ఎకరం ధర పంటతో ఎన్నేళ్ళు సంపాదించినా అందనంత ఎత్తుకు పోతుంది. అమ్మడానికే ఉంచుకున్న పొలంలో నేలను పోషించాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ప్లాట్ల మధ్య మిగిలిన మడికి కాలువ తెగుతుంది, గెడ్డ ఇరుకవుతుంది.

మన చట్టంలో మార్చగలిగింది ఇక్కడ ఒకటుంది. కనీసం మూడేళ్ళ కౌలు పత్రం, యజమాని హక్కుకు భంగం లేకుండా. గట్టు, గుంట, పచ్చిరొట్ట మీద పెట్టిన ఖర్చును ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇచ్చే షరతు. యజమానికి పొలం పోతుందన్న భయం తీరితే చాలా ఊళ్ళలో ఈ ఒప్పందం నోటి మాట మీదే కుదురుతుంది.

నగరం వాటా

ఈ లెక్కలో విశాఖకూ పాత్ర ఉంది. మేఘాద్రి గెడ్డలోకి చేరేది ఈ చుట్టుపక్కల కొండల నుంచి, పొలాల నుంచి దిగే నీరే. పొలంలో ఆగని మట్టి జలాశయంలో పూడికవుతుంది, పొలంలో జారిపోయిన ఎరువు నీటిలో పాచిని పెంచుతుంది, పూడ్చిన గెడ్డ నగరం వీధుల్లో వరదవుతుంది. న్యూయార్క్ నగరం ఇలాంటి చిక్కే ఎదురైనప్పుడు, భారీ శుద్ధి కర్మాగారం కట్టే బదులు, 1997లో ఎగువన క్యాట్‌స్కిల్ కొండల ప్రాంతపు ఊళ్ళతో ఒప్పందం చేసుకుంది. అక్కడి పాడి రైతుల పశువుల కొట్టాలు, ఎరువు గుంటలు, వాగు గట్లు బాగుచేసుకోవడానికి నగరమే డబ్బు పెట్టింది.

విశాఖ, సబ్బవరం మధ్య దూరం క్యాట్‌స్కిల్, న్యూయార్క్ మధ్య ఉన్నంత కూడా లేదు. నగరపాలక సంస్థ వసూలు చేసే నీటి పన్నులో కొంత వాటా ఎగువ పొలాల గట్లకూ, చెరువుల మదుములకూ, గెడ్డల హద్దు రాళ్ళకూ కేటాయిస్తే, శుద్ధి చేసే ఖర్చులోనూ, పూడిక తీసే ఖర్చులోనూ అది తిరిగి వస్తుంది. రైతుబజారుకు కూరగాయలు పంపే పొలాలూ నిలుస్తాయి. రాయపూర్ రహదారి పూర్తయి లారీలు వరస కట్టకముందే ఏ గెడ్డ ఎక్కడ పారుతోందో సర్వే చేసి పటం మీద గుర్తిస్తే, ఆ తరవాత వచ్చే లేఅవుట్ల అనుమతుల్లో వాటి హద్దును కాపాడుకునే వీలుంటుంది.